‘ఇది నువ్వు కొనకు’

(పుస్తకాల మాస్టారి స్మారక సభలో, తెనాలిలో చేసిన ప్రసంగానికి అచ్చు పాఠం)



మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద వేస్తామంటే వాళ్ళింట్లోవాళ్ళు వద్దన్నారట. ‘పుస్తకాల మాస్టారు’ అంటే ఈ ఊళ్ళో తెలియనివాళ్ళెవరన్నారట. నిజమే. నేనూ అలాగే పిలుస్తాను.

నిర్వాహకులు నాకు మొదట ఇచ్చిన అంశం ‘సమకాలీన నవల – సామాజిక బాధ్యత’. దాని మీద మాట్లాడగలవాళ్ళు ఈ జిల్లాలో వందమంది ఉన్నారు. వాళ్ళలో సగంమంది ఇప్పటికే మాట్లాడేశారు కూడా. అందుకని అడిగి మార్పించుకున్నాను. రాసిన పుస్తకాన్ని సంచీలో వేసుకుని సాహిత్యోత్సవాల చుట్టూ తిరగడం గురించి చెబుతాను. పదేళ్ళు తిరిగాను. ఈ కబుర్లు రచయితలు టీ బడ్డీ దగ్గర చెప్పుకుంటారు గానీ మైకు ముందు చెప్పుకోరు. అమ్ముకోవడం గురించి మాట్లాడితే సరస్వతికి కోపం వస్తుందని మనకో భయం. లక్ష్మి ఎలాగూ రాదు కాబట్టి ఈవిడనైనా మంచి చేసుకుందామని కాబోలు.

నా నవల 2015లో వచ్చింది. కాలవ లాకుల దగ్గర తలుపులెత్తి దించే ఒక లస్కరు, అతని ముగ్గురు కూతుళ్ళ కథ. నేను గుమాస్తాగా పనిచేసింది కాలవల ఆఫీసులోనే. దుగ్గిరాల లాకుల మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. పీఎఫ్ అప్పు పెట్టి వెయ్యి కాపీలు వేయించాను. వెయ్యి కాపీలంటే ఎంత చోటు కావాలో ప్రెస్సు నుంచి ఆటో వచ్చి ఇంటి ముందు ఆగేదాకా నాకు తెలియదు. మంచం కింద, బీరువా మీద, దేవుడి గది గుమ్మం పక్కన, ఎక్కడ చూసినా కట్టలే. ఆ ఏడాదంతా మావారు చెప్పుల స్టాండు జరపాలన్నా నన్నడిగి జరిపేవారు.

ఆవిష్కరణ సభ పెట్టాం. వేదిక మీద పదకొండుమంది, ఎదురుగా పంతొమ్మిదిమంది. ఆ పంతొమ్మిదిమందిలో నలుగురు మా చుట్టాలు. ఒకాయన హాలుకి తాళం వేసుకుని వెళ్ళడానికి కూచున్నాయన. ముఖ్య అతిథి రిబ్బను విప్పి, వెనక అట్ట మీది నాలుగు ముక్కలూ అక్కడే చూసుకుని, గోదావరి జీవనాన్ని ఈమె అద్భుతంగా పట్టుకున్నారని ముప్ఫై నిమిషాలు మెచ్చుకున్నారు. నాది కృష్ణా కాలవ. పదకొండు శాలువలు, పదకొండు ఉచిత ప్రతులు, టిఫిన్లు పోను ఆ సాయంత్రం నాకు మిగిలింది ఒక ఫోటో. అందులో నా మొహానికి మైకు అడ్డం వచ్చింది.

పుస్తకం మొహం లోకానికి చూపించడం మనకి చేతకాక కాదు. దిగంబర కవులు 1965లో తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966లో విజయవాడలో రెండో సంపుటికి ఒక హోటలు కార్మికుణ్ణి పిలిచారు. 1968లో విశాఖపట్నంలో మూడోదానికి ఒక బిచ్చగత్తెను పిలిచారు. ఆ కవిత్వం సంగతి మీలో ఒక్కొక్కరూ ఒక్కోలా అంటారు, నాకు తెలుసు. ఆవిష్కరణ సంగతి చూడండి. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ ముగ్గురి గురించీ మనం చెప్పుకుంటున్నాం. నా పుస్తకం ఆవిష్కరించినాయన్ని గుర్తు పట్టాలంటే నేనే ఆ ఫోటో తీసి చూడాలి.

ఆ సభలో డబ్బిచ్చి పుస్తకం కొన్నది ఒక్క మాస్టారే. ఆవిష్కరణ సభలో పుస్తకం కొనడమంటే పెళ్ళికెళ్ళి భోజనానికి బిల్లు కట్టడమని మనవాళ్ళ లెక్క. ఆయన జేబులోంచి రెండు వంద నోట్లు తీసి బల్ల మీద పెట్టి, ‘‘చదివి చెప్తానమ్మా’’ అని వెళ్ళిపోయారు. అప్పటికాయనకి డెబ్భై తొమ్మిదేళ్ళు. నాలుగోరోజు పొద్దున్నే మా ఇంటికొచ్చారు. ‘‘ఎనభయ్యో పేజీ దాకా కాలవలోకి నీళ్ళు రాలేదు. ఆ తర్వాత బాగుంది. పది ఇవ్వు’’ అన్నారు.

ఆయన పద్ధతి మీలో చాలామందికి తెలుసు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. హైస్కూల్లో తెలుగు పంతులుగా రిటైరయ్యాక చేతిసంచీలో పాతిక పుస్తకాలు పెట్టుకుని తిరిగేవారు. బ్యాంకు, రిజిస్ట్రారాఫీసు, మున్సిపల్ స్కూలు, రైల్వే క్వార్టర్లు. చదవని పుస్తకం సంచీలో పెట్టేవారు కాదు. కమీషన్ తీసుకునేవారు, దాచేవారు కాదు. ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం తీసి ఇచ్చేవారు. మనం వేరేదాని మీద చెయ్యి వేస్తే, ‘‘ఇది నువ్వు కొనకు. నీకు నచ్చదు’’ అనేవారు. నా నవల విషయంలోనే, నా ఎదుటే, ఒక బ్యాంకు మేనేజరు గారితో ఆ మాట అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ‘‘ఆయనకి నెమ్మదిగా నడిచే కథ పడదు. చదవకుండా పక్కన పెట్టి, బాలేదని పదిమందికి చెప్తాడు. ఆ పదిమందినీ పోగొట్టుకుంటావా?’’ అని నన్నే అడిగారు. ఆయన దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉండేది. ఎవరు ఏది కొన్నారో, చదివాక ఏమన్నారో అందులో రాసుకునేవారు. ‘చదవలేదట’ అని కూడా రాసేవారు. నా నవలకి ఆ నోటుబుక్కులో ఏడు ‘చదవలేదట’లు ఉన్నాయి.

ఈ గుణం ఎక్కణ్ణించి వచ్చిందని ఒకసారి అడిగితే వాళ్ళమ్మగారి సంగతి చెప్పారు. 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ మీద ఒక పడవ గ్రంథాలయం నడిచింది. పాతూరి నాగభూషణం గారి లాంటివాళ్ళు గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకున్న రోజులు. పడవ రేవుకి చేరేది. గట్టు మీదికి వచ్చినవాళ్ళు పాత పుస్తకం ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళేవాళ్ళు. మాస్టారి తల్లి నీళ్ళబిందె కింద పెట్టి పుస్తకం అందుకునేదట. పడవ నడిపేవాళ్ళకి ఏ రేవులో ఎవరు ఏం చదువుతారో తెలుసునట. నా నవలలో ఆ పడవ రెండు పేజీల్లో వస్తుంది. ఆ రెండు పేజీలూ మాస్టారివి. ఇన్నాళ్ళూ బయటికి చెప్పలేదు, ఇవాళ చెబుతున్నాను.

ఇక ఉత్సవాలకి వస్తాను.

మొదట వెళ్ళింది విజయవాడ పుస్తక మహోత్సవానికి. అది 1989 నుంచీ ఉంది. మన ఇళ్ళల్లో సంక్రాంతి అరిసెలకి బియ్యం నానబోసే రోజుల్లో జరుగుతుంది. అప్పట్లో స్వరాజ్య మైదానంలో పెట్టేవాళ్ళు. ఇప్పుడక్కడ అంబేడ్కర్ విగ్రహం వెలిసింది, పుస్తకాల పండగ వేరే మైదానాలకి మారింది. తెలిసినవాళ్ళ స్టాలులో అర బల్ల అద్దెకి తీసుకుని పదకొండు రోజులూ నిలబడ్డాను. నన్ను అందరికంటే ఎక్కువగా అడిగింది పెద్దబాలశిక్ష ఉందా అని. ఆ తర్వాత వంటల పుస్తకం, గ్రూప్‌ టూ మెటీరియలు, పంచాంగం. ఒకాయన నా నవల తీసుకుని, బరువు చూసి, ఇందులో నీతి ఏమిటని అడిగాడు. లేదన్నాను. పెట్టేసి వెళ్ళిపోయాడు. నిజాయితీ గల పాఠకుడు. మూడోరోజుకి నాకు ఒకటి అర్థమైంది. కుర్చీలో కూచుంటే ఎవరూ ఆగరు, నిలబడితే ఆగుతారు. పుస్తకం చేతికిస్తే తిరగేస్తారు. మొదటి పేజీ నిలబడే చదివినవాళ్ళలో చాలామంది కొన్నారు. అప్పణ్ణించి నేను మాట్లాడటం మానేశాను. పేజీ తీసి చేతికివ్వడమే.

ఆరోరోజున ఒక కుర్రాడు వచ్చాడు. మోటారు సైకిలు మెకానిక్కు, గోళ్ళలో గ్రీజు. అట్ట మీది లాకు బొమ్మ చూసి ఆగాడు. ‘‘మా నాన్న లస్కరేనండి’’ అన్నాడు. పుస్తకం మురికవుతుందని చెయ్యి చొక్కాకి తుడుచుకుని తీసుకున్నాడు. వాళ్ళ నాన్నకి చదువు రాదట, చదివి వినిపిస్తానన్నాడు. పదిహేను రోజుల తర్వాత ఫోన్ చేశాడు. లాకు తలుపు బిగుసుకుపోతే గునపంతో ఎత్తారని రాశారు, అలా ఎత్తితే తలుపు విరుగుతుంది, ఎవరూ ఎత్తరు అన్నాడట వాళ్ళ నాన్న. రెండో ముద్రణలో దిద్దాను. ఏ సమీక్షకుడూ పట్టుకోని తప్పు అది.

2018లో నవల ఇంగ్లీషులోకి వెళ్ళింది. మంచి అనువాదం. అనువాదకురాలు నా వాక్యాల్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకంటే బాగా తెలుసుకుంది. మరుసటి చలికాలం ఉత్తరాదిలో ఒక పెద్ద సాహిత్యోత్సవం నుంచి పిలుపు వచ్చింది. దాని పేరు చెప్పను. ఈ కాలంలో ఏ పెద్ద ఉత్సవానికి వెళ్ళినా ఇంచుమించు ఇదే జరుగుతుంది.

ఈ ఉత్సవాలు మనకి కొత్తే. 1988లో వేల్స్‌లో హే అనే చిన్న ఊళ్ళో ఒకటి మొదలైంది. పాత పుస్తకాల అంగళ్ళకి పేరుపడ్డ ఊరది. మన దేశంలో 2006లో జైపూరులో దిగ్గీ ప్యాలెస్‌లో మొదలైన పండగ అందరికీ నమూనా అయింది. హైదరాబాదులో 2010 నుంచి జరుగుతోంది. కోళికోడ్‌ సముద్రపు ఒడ్డున 2016 నుంచి మలయాళీలు చేస్తున్నది చూడదగ్గది. అక్కడ సొంత భాష రచయితకి పెద్ద పందిరి వేస్తారు. నేను వెళ్ళినచోట పందిళ్ళు ఇంగ్లీషువి, మాకు వేసింది వాటి చివర.

మెళ్ళో తాడుకి కార్డు వేలాడదీశారు. చర్చ పేరు ‘అంచుల నుంచి గొంతులు’. తొమ్మిదికోట్లమంది భాష అంచు ఎలా అయిందో నాకిప్పటికీ తెలియదు. నలభై అయిదు నిమిషాలు, అయిదుగురం. నిర్వహించే అమ్మాయి చాలా మర్యాదస్తురాలు, నా నవల చదవలేదు. ‘‘తెలుగు సాహిత్యం ఇవాళ ఎలా ఉంది?’’ అని నన్నడిగింది. వెయ్యేళ్ళ వ్యవహారం, మూడు నిమిషాల్లో చెప్పాలి. నాకు వచ్చిన ఇంగ్లీషులో బాగానే ఉంది అన్నాను. జనం నవ్వారు. చమత్కారం అనుకున్నారు. తర్వాత శ్రోతల ప్రశ్నలు. ఒకాయన లేచి ప్రశ్న మొదలుపెట్టాడు. అది ముగిసేసరికి మా సమయం ముగిసింది.

ఇలాంటిచోట చర్చ అయీ అవగానే రచయితని సంతకాల బల్ల దగ్గరికి నడిపించుకెళ్తారు. వేదిక మీద మాట్లాడించేదే అందుకు. నన్నూ తీసుకెళ్ళి కూచోబెట్టారు. నా పక్క బల్ల ఒక సినిమా నటుడిది, ఆయన జీవితకథ రాశాడు. ఆయన ముందు క్యూ తోట చుట్టూ తిరిగింది. నా ముందు ఎవరూ లేరు. ఒక కాలేజీ పిల్ల నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. కలం మూత తీశాను. ‘‘ఆంటీ, ఈ బ్యాగు కాసేపు చూస్తారా, క్యూలో తోస్తున్నారు’’ అంది. చూశాను. ఆ రోజు నా ఇంగ్లీషు పుస్తకాలు మూడు అమ్ముడయ్యాయి. ఒకటి కొన్నది అనువాదకురాలి బావగారు.

ఇది చెప్పి ఇంగ్లీషు ఉత్సవాలు దండగ అని తేల్చేస్తానని కొందరు ఎదురు చూస్తున్నట్టున్నారు. తేల్చను. 2022లో గీతాంజలి శ్రీ హిందీ నవలకి, 2025లో బాను ముష్తాక్‌ కన్నడ కథలకి అంతర్జాతీయ బుకర్‌ వచ్చాక ఈ పందిళ్ళలో మన భాషలవాళ్ళకి కొంచెం ముందు వరసలో కుర్చీ పడుతోంది. పక్కన అనువాదకుల్నీ కూచోబెడుతున్నారు. మంచిదే. ఒరియా నవలాకారుడొకాయనతో రెండుగంటలు చెట్టుకింద కూచుని కాలవల గురించి మాట్లాడటం నాకు ఆ ఉత్సవం వల్లే దొరికింది. నా అభ్యంతరం వేరే. అక్కడ నా పుస్తకంతో ఎవరికీ పని పడలేదు. నా చీర, నా యాస, నా మూడు నిమిషాలు చాలు. ఆ వేదిక మీద మాస్టారుంటే ఎదుటివాళ్ళలో సగంమందితో, ఈమె నవల మీరు కొనకండి అని, మిగతా సగంతో కొనిపించేవారు. ఉత్సవం ఎవర్నీ కొనొద్దనదు. అందుకే అది చెప్పే ‘తప్పక చదవండి’కి తూకం లేదు.

రచయిత ఊరేగడం కొత్త జబ్బేమీ కాదు. తిరుపతి వెంకట కవులు అవధానాలు చేస్తూ సంస్థానాలన్నీ తిరిగారు. వాళ్ళ పద్యం జనం నోళ్ళలోకి వెళ్ళింది పుస్తకాల షాపుల్లోంచి కాదు. కానీ ఒక తేడా ఉంది. అవధానంలో కవి అక్కడికక్కడే పద్యం చెప్పాలి. సభకి కావలసింది ఆ పద్యమే. ఇప్పుడు సభలో మనం పద్యం గురించి చెబుతాం, పద్యం ఇంటికెళ్ళి చదువుకోమంటాం. చార్లెస్‌ డికెన్స్‌ కూడా తన నవలలే చదివి వినిపించేవాడు. 1867 డిసెంబరు నుంచి 1868 ఏప్రిల్‌ దాకా అమెరికాలో తిరిగాడు. డబ్బు బాగా వచ్చింది, ఒళ్ళు గుల్లయింది. ఆలివర్‌ ట్విస్టులో నాన్సీ హత్య ఘట్టం చదివితే నాడి పరుగెత్తేదట. డాక్టరు పక్కనే ఉండి చూసేవాడు. 1870 మార్చిలో చివరిసారి చదివాడు, జూన్‌లో పోయాడు. యాభై ఎనిమిదేళ్ళే. మార్క్‌ ట్వెయిన్‌ది ఇంకో దారి. దివాళా తీసి, అప్పులు తీర్చడానికి 1895లో భూగోళమంతా ఉపన్యాస యాత్ర పెట్టుకున్నాడు. 1896లో మన దేశానికీ వచ్చాడు. అప్పులు తీర్చాడు కూడా. అప్పు తీర్చడానికి ఉపన్యాసం పనికొస్తుందన్నమాట. నాకు మాత్రం ఉపన్యాసాలకి వెళ్ళడం వల్లే కొంత అప్పయింది.

అమెరికా కూడా వెళ్ళొచ్చాను. ఒక తెలుగు మహాసభకి పిలిచారు. రెండు పెట్టెలు, ఒక్కొక్కటీ ఇరవై మూడు కిలోలు. ఒకదాంట్లో నవలలు, రెండోదాంట్లో గోంగూర పచ్చడి, కారప్పొడి, చుట్టాలిచ్చిన పొట్లాలు. పచ్చడి దిగిన సాయంత్రమే అయిపోయింది. నవలలు తిరిగి మోసుకొస్తానేమోనని భయపడ్డాను. సాహిత్య సదస్సు పెట్టిన గది ఎస్కలేటర్ల వెనకాల. అదే సమయానికి పెద్ద హాల్లో సినిమా తారలు. మా గదిలో ఇరవైమంది ఉన్నారు. ఆ ఇరవైమందీ పుస్తకం చదివి వచ్చారు! కొందరు పీడీఎఫ్‌లో చదివారని తర్వాత తెలిసింది, అది వేరే బాధ. పదహారో అధ్యాయంలో రెండో కూతురు ఎందుకు తిరిగి రాలేదని ఒకావిడ నిలదీసింది. నాకు జవాబు లేక నీళ్ళు నమిలాను. సభ అయ్యాక ఒక పెద్దాయన వచ్చి కొల్లూరు తనదన్నాడు. నలభై ఏళ్ళుగా డెట్రాయిట్‌లో ఉన్నాడు. ఆరు కాపీలు కొని, ఒక్కొక్కదాని మీదా ఎవరి పేరు రాయాలో చెప్పి రాయించుకున్నాడు. ఎవరికి ఏది నచ్చుతుందో ఆయనకీ తెలుసు. మాస్టారి లాంటి మనిషి అక్కడా ఉన్నాడు.

నా లెక్కల పుస్తకం కూడా ఒకటుంది. గుమాస్తాని కదా. మొదటి వెయ్యి కాపీలు పోవడానికి మూడున్నరేళ్ళు పట్టింది. మాస్టారి సంచీలోంచి పోయినవి రెండువందల పన్నెండు. విజయవాడ మైదానంలో మూడేళ్ళు కలిపి నూట ఎనభై. షాపుల ద్వారా మూడువందలు. వాటిలో కొన్నింటికి డబ్బు ఇంకా రావాలి, ఏ షాపో చెప్పను. ఊరికే ఇచ్చినవి రెండువందల యాభై పైన. మిగిలినవి అక్కడక్కడ, చేతి మీదుగా, పోస్టులో. వేదికలెక్కి మాట్లాడిన సాయంత్రాలన్నీ కలిపితే యాభై కూడా లేవు, అవన్నీ ఈ చివరి పద్దులోనే ఉన్నాయి. ఇది నా ఒక్కదాని లెక్క. వేరేవాళ్ళది వేరేగా ఉండొచ్చు.

కాబట్టి కొత్తగా రాస్తున్న పిల్లలకి నేను వెళ్ళొద్దని చెప్పను. పిలిస్తే వెళ్ళండి. దారి ఖర్చులు ముందే అడగండి, సిగ్గుపడకండి. షామియానా వేసినవాడికి, మైకు పెట్టినవాడికి, భోజనాలవాళ్ళకి డబ్బిచ్చినచోట రచయితకి ఇవ్వకపోవడం గౌరవం కాదు, అలవాటు. మీ పుస్తకం అక్కడికి చేరిందో లేదో బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి. వేదిక దిగాక విశ్రాంతి గదిలోకి కాకుండా బల్ల వెనక్కి వెళ్ళి నిలబడండి. మీ పుస్తకం నచ్చనివాళ్ళెవరో మీకు తెలిసి ఉండాలి. మాస్టారు నాకు నేర్పాలని చూసింది అదే. నాకు సగమే వచ్చింది.

ఆయన 2021లో పోయారు. కరోనా రోజులు. ఈ ఊళ్ళో ఆయన చేతి మీదుగా పుస్తకం కొననివాళ్ళు తక్కువ, ఆ రోజు వెంట నడిచింది నలుగురే. సంచీ వాళ్ళ మనవరాలి దగ్గరుంది. కిందటేడు తీసి చూస్తే అందులో నా నవల ఒక్క కాపీ ఉందట. లోపల చిన్న చీటీ, ఆయన చేతిరాత, నాకు తెలియని ఎవరిదో పేరు. ఆ మనిషి కోసం అడుగుతూనే ఉన్నాం. మీలో ఎవరైనా అయితే సభ అయ్యాక నాకు కనపడండి. ఆ కాపీ మీది.

గుమ్మం పక్కన బల్ల వేశారు. దాని మీద నావేమీ లేవు. మన జిల్లాలో కొత్తగా రాస్తున్న ఇద్దరి కథల పుస్తకాలున్నాయి, ఒక్కోటీ నూట యాభై. రెండూ చదివాను. నెమ్మదిగా నడిచే కథలు పడనివాళ్ళు ఎర్ర అట్టది తీసుకోకండి, నీలం అట్టది తీసుకోండి. చిల్లర లేకపోతే ఫోన్‌పే ఉంది. ఉచిత ప్రతులు లేవు.